హెచ్‌డీఆర్ ఫైల్‌ని ఇంకో ఫార్మాట్‌లోకి మార్చేటప్పుడు సూర్యుడు పోకుండా చూసుకోవడం ఎలా

"అన్నా, కారు కింద నీడ పడట్లేదు" అని ఫోన్ చేశాడు నెల్లూరు తమ్ముడు, వడపళనిలో ఒక చిన్న స్టూడియోలో లైటింగ్ నేర్చుకుంటున్నాడు, సాలిగ్రామంలో ఒక మేడ మీద పొద్దున పదకొండింటికి తీసిన 360 డిగ్రీల పనోరమా పెట్టి కారు మోడల్‌కి లైటింగ్ ఇస్తున్నాడు, ఫొటోలో చూస్తే చెన్నై ఎండ మండిపోతోంది, రెండర్‌లో (కంప్యూటర్ లెక్కకట్టి ఇచ్చే బొమ్మలో) మాత్రం వాన మబ్బు పట్టినట్టు మెత్తగా, నీడకి అంచే లేదు. నేను అడిగింది ఒక్కటే, ఫైల్ నీకు ఏ ఫార్మాట్‌లో వచ్చింది, నువ్వు దేంట్లోకి మార్చావు అని. షూట్ వాళ్ళు డాట్ హెచ్‌డీఆర్ ఇచ్చారంట, స్టూడియోలో ఈఎక్స్ఆర్ అడిగారంట (రెండూ హెచ్‌డీఆర్, అంటే హై డైనమిక్ రేంజ్ ఫార్మాట్లు, స్క్రీన్ తెలుపు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగుని కూడా అంకెల్లో దాచుకుంటాయి), వీడు ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేసి మార్చేసాడంట. సరే, రెండు ఫైల్సూ తెరిచి సూర్యుడి మధ్యలో పిక్సెల్ వేల్యూ చదివి చెప్పమన్నా. పాత దాంట్లో 48000, కొత్త దాంట్లో 1.0. అంతే, సూర్యుడు పోయాడు. కంటికి రెండు ఫొటోలూ ఒకేలా ఉన్నాయి, ఎందుకంటే స్క్రీన్ మీద 1.0 అయినా తెలుపే 48000 అయినా తెలుపే.

ఈ గోల చాలామందికి జరుగుతోంది, నా దగ్గరికి వచ్చే ఫైల్స్‌లోనే నెలకి రెండు మూడు చూస్తున్నా, అందుకే ఓపిగ్గా మొత్తం రాస్తున్నా. హెచ్‌డీఆర్ కన్వర్షన్ అంటే ఎక్స్‌టెన్షన్ మార్చడం కాదు, ఫైల్‌లో ఉన్న అంకెలు అవతల ఒడ్డుకి అదే నిష్పత్తిలో చేరాయా లేదా అన్నదే అసలు పని. కాబట్టి ముందు చెక్ చేయడం ఎలాగో చెప్తా, తర్వాతే ఫార్మాట్లు.

మూడు చుక్కలు పట్టుకోండి

ఏ ఫైల్ మార్చే ముందైనా మూడు చోట్ల పిక్సెల్ వేల్యూ చదివి ఒక కాగితం మీద రాసుకోండి. ఒకటి బొమ్మలో అన్నిటికంటే వెలుగు ఎక్కువున్న చోటు, సూర్యుడో బల్బో. రెండోది మామూలు తెల్ల గోడ లాంటిది. మూడోది బాగా చీకటి, వాటర్ ట్యాంక్ కింద నీడ లాంటిది. తమ్ముడి ఫైల్‌లో ఇవి 48000, 0.8, 0.02. మార్చాక మళ్ళీ అవే మూడు చోట్ల చదవండి. అంకెలు అవే రావాలి, లేదా మూడూ ఒకే గుణకంతో పెరగాలి తగ్గాలి, అంటే అన్నీ సగం అయ్యాయనుకోండి ఏం నష్టం లేదు, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గింది అంతే. సూర్యుడు ఒక్కడే పడిపోయి గోడ అట్లాగే ఉంటే క్లిప్ అయినట్టు, అంటే ఒక హద్దు పైన ఉన్నదంతా కోసేసినట్టు. గోడ, నీడ రెండూ వంకరగా మారితే గామా (స్క్రీన్ కోసం అంకెల్ని వంచే మార్పు) రెండుసార్లు పడినట్టు, దాని సంగతి కింద చెప్తా.

చదవడానికి డబ్బులు పెట్టక్కర్లేదు, బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇమేజ్ ఎడిటర్ తెరిచి శాంపుల్ టూల్‌తో నొక్కితే అంకెలు వస్తాయి, టెవ్ అని ఒక ఉచిత వ్యూయర్ ఉంది, అందులో బాగా జూమ్ చేస్తే ప్రతి పిక్సెల్ మీద అంకెలు కనిపిస్తాయి, న్యూక్ (సినిమా కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్ళకి కర్సర్ పెడితే కిందే చూపిస్తది. ఏదీ లేకపోతే కంటి పరీక్ష ఒకటుంది: ఎక్స్‌పోజర్ స్లైడర్‌ని పది స్టాప్‌లు కిందికి లాగండి, అంటే 1024 వంతు చేసినట్టు, అప్పుడు బొమ్మంతా నల్లగా అయిపోయి సూర్యుడు ఒక్కడు చుక్కలా వెలుగుతూ మిగిలితే ఫైల్ బాగున్నట్టు. సూర్యుడు కూడా గోడతో పాటు చీకట్లో కలిసిపోతే ఆ ఫైల్‌లో సూర్యుడు లేడు, తెల్ల మచ్చ ఉంది.

ఆ మచ్చ గురించి ఎందుకింత పట్టింపు అంటే లెక్క చూడండి. ఆకాశంలో సూర్యుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. 8192 పిక్సెల్స్ వెడల్పు పనోరమాలో డిగ్రీకి 23 పిక్సెల్స్ దాకా వస్తాయి, అంటే సూర్యుడు ఓ 12 పిక్సెల్స్ వెడల్పు చుక్క, మొత్తం కలిపితే నూట చిల్లర పిక్సెల్స్. పనోరమా మొత్తం 8192 బై 4096, మూడు కోట్ల 35 లక్షల పిక్సెల్స్. ఆ మూడు కోట్లలో ఈ నూట చిల్లర పిక్సెల్సే మబ్బు లేని రోజు నేల మీద పడే వెలుగులో ఎక్కువ భాగం ఇస్తాయి. నీడకి అంచు ఇచ్చేది కూడా అవే. మన చెన్నైలో ఏప్రిల్ ఆఖరు వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు, ఆ రోజుల్లో తీసిన పనోరమాలో సూర్యుడు ఫ్రేమ్ పైఅంచుకి పోయి అడ్డంగా సాగిపోయి కనపడతాడు, కంగారు పడకండి, అది ప్రొజెక్షన్ వల్ల, ఫైల్ పాడవలేదు.

ఏ డబ్బాలో ఎంత పడుతుంది

డాట్ హెచ్‌డీఆర్ అనేది గ్రెగ్ వార్డ్ రేడియన్స్ అనే లైటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం తయారుచేసిన ఫార్మాట్, అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో. పిక్సెల్‌కి నాలుగే బైట్లు, ఎరుపు ఆకుపచ్చ నీలానికి ఒక్కోటి, నాలుగోది మూడిటికీ ఉమ్మడి ఎక్స్‌పోనెంట్, అంటే ఆ మూడు అంకెల్ని ఎంత పెంచాలో తగ్గించాలో చెప్పేది. ఈ ఉమ్మడి కాపురమే దాని బలం, దాని బలహీనత కూడా. బలం ఏంటంటే ఎంత పెద్ద వెలుగైనా పట్టేస్తది, సూర్యుడు దానికి లెక్కే కాదు. బలహీనత ఏంటంటే ఒక రంగు బాగా ఎక్కువుంటే పక్క రంగుల్లో చిన్న అంకెలు మాయమైపోతాయి. రాత్రి పూట టీ నగర్ రంగనాథన్ స్ట్రీట్‌లో ఎర్ర లైట్ బోర్డు తీశారనుకోండి, ఎరుపు 200, ఆకుపచ్చ 5, నీలం 0.3. ఎరుపు 200 ఉంటే ఆ పిక్సెల్‌లో అడుగు సైజు 1 అవుద్ది, కాబట్టి నీలం 0.3 అనేది దాంట్లో పట్టదు, సున్నా అయిపోద్ది, లేదా చదివే సాఫ్ట్‌వేర్‌ని బట్టి 0.5 అయిపోద్ది. గోడలు, ఆకాశం లాంటి మామూలు రంగులకి ఇది కంటికి తెలీదు, తప్పు ఒక శాతం లోపలే. ఎల్‌ఈడీ బోర్డులు, సీరియల్ లైట్లు, తిరునాళ్ళ లైటింగ్ తీసేవాళ్ళు మాత్రం ఈ ఫార్మాట్‌ని మాస్టర్‌గా పెట్టుకోవద్దు. ఇంకా రెండు సంగతులు, దీంట్లో మైనస్ అంకెలు ఉండవు, ఆల్ఫా (పారదర్శకత) ఛానెల్ ఉండదు.

ఈఎక్స్ఆర్ ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే సినిమా ఎఫెక్ట్స్ కంపెనీ వాళ్ళది, 1999లో మొదలుపెట్టి 2003లో అందరికీ ఓపెన్ సోర్స్‌గా ఇచ్చేశారు, ఇప్పుడు సినిమా వాళ్ళందరి మామూలు భాష అదే. దీంట్లో రెండు రకాలు బాగా గుర్తుపెట్టుకోండి, హాఫ్ అంటే ఛానెల్‌కి 16 బిట్లు, ఫ్లోట్ అంటే 32 బిట్లు. హాఫ్‌లో ఒక్కో స్టాప్‌కి 1024 మెట్లు ఉంటాయి, ఫొటోకి అది కావలసినంత, ఎక్కడా చారలు రావు. కానీ హాఫ్‌కి ఒక సీలింగ్ ఉంది, 65504. అంతకంటే పెద్ద అంకె వస్తే ఇన్ఫినిటీ అని రాసేస్తది, ఆ ఇన్ఫినిటీ రెండర్‌లోకి పోతే అక్కడక్కడ తెల్ల చుక్కలు, నల్ల డబ్బాలు, కంప్‌లో (బొమ్మలు కలిపే దశలో) బ్లర్ వేస్తే ఆ నల్ల డబ్బా ఇంకా పెద్దదవుద్ది.

ఇది ఊరికే పుస్తకంలో ఉండే భయం కాదండీ. సూర్యుడి ప్రకాశం నిట్స్‌లో (వెలుగు కొలిచే యూనిట్) చెప్తే దాదాపు 160 కోట్లు, నీలాకాశం కొన్ని వేలు. ఆకాశం 4000 నిట్స్ అనుకుని దాన్ని 1.0కి సెట్ చేస్తే సూర్యుడు 4 లక్షలు వస్తాడు. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్ల అద్దం) పెట్టి సూర్యుడిని క్లిప్ కాకుండా నిజంగా పట్టుకున్న మంచి షూట్ ఉంటది చూశారా, దానికే ఈ దెబ్బ తగులుద్ది, క్లిప్ అయిన చెత్త ఫైల్‌కి ఏమీ కాదు, అది నాకు చాలా బాధనిపించే విషయం, కష్టపడి ఎండలో నిలబడి తీసినవాడి పనే పాడవుతుంది.

పీఎఫ్ఎం అని ఇంకోటి ఉంది, ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళు వాడతారు, కంప్రెషన్ గట్రా ఏమీ లేని ఉత్త ఫ్లోట్ అంకెలు. అందులో వరుసలు కింది నుంచి పైకి రాసుంటాయి, కాబట్టి మార్చాక బొమ్మ తలకిందులైతే కారణం అదే, తిప్పేయండి చాలు. 32 బిట్ ఫ్లోట్ టిఫ్ కూడా మంచిదే, సైజే బరువు. అదే 8192 పనోరమా కంప్రెషన్ లేకుండా లెక్కేస్తే ఫ్లోట్‌లో 400 ఎంబీ, హాఫ్‌లో 200, హెచ్‌డీఆర్‌లో 134.

హెచ్‌డీఆర్ నుంచి ఈఎక్స్ఆర్

అందరికీ ఎక్కువ అవసరం పడేది ఇదే కాబట్టి నిదానంగా చెప్తా. ముందు ఫైల్‌లో మ్యాక్సిమమ్ వేల్యూ ఎంతో చూడండి. ఓపెన్‌ఇమేజ్‌ఐఓతో పాటు ఓఐఐఓటూల్ అని కమాండ్ లైన్ టూల్ వస్తది, ఉచితం, ఫైల్ పేరు ఇచ్చి స్టాట్స్ అడిగితే ఒక్కో ఛానెల్‌కి మినిమమ్, మ్యాక్సిమమ్, యావరేజ్, ఎన్ని ఇన్ఫినిటీలు, ఎన్ని నాన్‌లు (అంకే కాని చెడిపోయిన వేల్యూలు) అన్నీ చెప్పేస్తది. నేను అయితే ఈ టూల్ నేర్చుకోమనే చెప్తా ఎవరికైనా, భయపడేంత ఏం లేదు, వారం రోజుల్లో చేయి తిరుగుద్ది.

మ్యాక్సిమమ్ 65504 కంటే బాగా కింద ఉంటే హాఫ్‌లోకి మార్చేయండి, ఏం ఆలోచించొద్దు. పైన ఉంటే రెండు దారులు. సైజు పర్లేదు అంటే 32 బిట్ ఫ్లోట్‌లో సేవ్ చేయండి. సైజు తగ్గాలి అంటే మొత్తం బొమ్మని 16తో భాగించి, అంటే నాలుగు స్టాప్‌లు దించి హాఫ్‌లో సేవ్ చేయండి, 4 లక్షల సూర్యుడు 25000 అవుతాడు, హాయిగా పడతాడు, 0.02 ఉన్న నీడ 0.00125 అవుద్ది, హాఫ్‌కి అది కూడా సుఖమే ఎందుకంటే దాని పూర్తి ప్రెసిషన్ 0.00006 దాకా దిగుద్ది. కానీ ఈ నాలుగు స్టాప్‌లు దించిన సంగతి ఫైల్ పేరులోనే రాయండి, మైనస్ 4 అని, లేకపోతే తర్వాత వాడేవాడు చీకటిగా ఉందని సూర్యుడిని వదిలేసి వేరే లైట్ పెట్టుకుంటాడు. చేయకూడని పని ఏంటంటే 65504 దగ్గర క్లాంప్ కొట్టేసి, అంటే అంతకు మించినదంతా అక్కడికే కోసేసి ఊరుకోవడం, 4 లక్షలు ఉండాల్సిన సూర్యుడు ఆరో వంతు అయిపోతాడు, నీడ అంచు ఉంటది గానీ ఎండలో పస ఉండదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఇంకోటి, డాట్ హెచ్‌డీఆర్ ఫైల్ మొదట్లో మామూలు అక్షరాల్లో హెడర్ ఉంటది, అందులో ఎక్స్‌పోజర్ అని ఒక లైన్ ఉండొచ్చు. ఆ అంకెతో పిక్సెల్స్‌ని భాగిస్తే అసలు వెలుగు వస్తది అని దాని అర్థం. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ లైన్ చదువుతాయి, కొన్ని పట్టించుకోవు, అందుకే ఒకే ఫైల్ రెండు చోట్ల రెండు బ్రైట్‌నెస్‌లలో తెరుచుకుంటది. మీ మూడు చుక్కలూ ఒకే గుణకంతో తేడా వస్తే ముందు ఈ లైన్ చూడండి.

కంప్రెషన్ దగ్గర చాలామంది ఏది వస్తే అది కొట్టేస్తారు. కెమెరాతో తీసిన దాంట్లో గ్రెయిన్ ఉంటది కాబట్టి పిజ్ బాగా పనిచేస్తది, రెండర్ నుంచి వచ్చిన శుభ్రమైన ఫ్రేమ్‌లకి జిప్. రెండూ లాస్‌లెస్, ఒక్క అంకె కూడా మారదు. డీడబ్ల్యూఏఏ అని ఉంటది, ఫైల్ బాగా చిన్నదవుద్ది కానీ అది లాసీ, రోజూ చూసుకునే ప్రివ్యూలకి వాడండి, మాస్టర్‌కి వద్దు. ఇంకో మాట, రెండర్ ఈఎక్స్ఆర్‌లో క్రిప్టోమ్యాట్ లేయర్ (ఒక్కో వస్తువుకి మాస్క్ ఇచ్చేది) ఉంటే ఆ లేయర్‌ని హాఫ్‌లోకి దించొద్దు, దాంట్లో ఉండేవి వెలుగు కాదు ఐడీ నంబర్లు, 32 బిట్లు పూర్తిగా ఉంటేనే పనిచేస్తాయి, సగం చేస్తే మాస్క్‌లు మొత్తం పోతాయి. డెప్త్, పొజిషన్ పాస్‌లు కూడా ఫ్లోట్‌లోనే ఉంచండి.

ఈఎక్స్ఆర్ నుంచి హెచ్‌డీఆర్

ఇది ఎదురు దారి, దీంట్లో పోయేవి వేరు. ఆల్ఫా పోద్ది, లేయర్లు పోతాయి, మైనస్ అంకెలు సున్నా అవుతాయి. మైనస్ అంకెలు ఎక్కడినుంచి వచ్చాయి అంటే రెండు చోట్ల నుంచి. ఏసెస్ సీజీ లాంటి పెద్ద రంగుల పరిధి నుంచి రెక్ 709 (మామూలు స్క్రీన్ రంగుల పరిధి) లోకి మారిస్తే, అందులో పట్టని రంగులు మైనస్‌లోకి పోతాయి. రెండోది సైజు తగ్గించేటప్పుడు. లాంక్‌జోస్ ఫిల్టర్ ఫొటోలకి బాగుంటది గానీ దానికి మైనస్ తోకలు ఉంటాయి, 48000 ఉన్న సూర్యుడి పక్కన ఆకాశం 0.5 ఉంటే ఆ తోక వల్ల సూర్యుడి చుట్టూ మైనస్ వందలు వేలు వచ్చి నల్ల రింగ్ పడుద్ది. కాబట్టి 8కే ని 2కే చేసేటప్పుడు బాక్స్ ఫిల్టర్ వాడండి, ఉత్త యావరేజ్ తీసుకుంటది, వెలుగు మొత్తం ఎంత ఉందో అంతే మిగులుద్ది. లైటింగ్‌కి షార్ప్‌నెస్ తో పనేం లేదు.

మార్చే ముందు రంగుల పరిధి రెక్ 709 లీనియర్‌లోకి (అంటే వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపు) మీరే తెచ్చుకోండి. ఈఎక్స్ఆర్‌లో క్రొమాటిసిటీస్ అని హెడర్‌లో రాసి ఉంటే సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తది, ఏమీ రాయకపోతే రెక్ 709 అనుకోవాలి. డాట్ హెచ్‌డీఆర్‌కి ఆ వసతి పేరుకే, దాదాపు ఎవరూ చదవరు.

జేపెగ్, పీఎన్‌జీలోకి దించడం

దీన్ని కన్వర్షన్ అనడం కన్నా ప్రింట్ తీయడం అనాలి. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, కోడంబాక్కంలో తెలుగు సినిమాలు తీసే రోజుల్లో ల్యాబ్‌లో పనిచేశారు, ఆయనకి నేను ఇదంతా చెప్తే "నెగటివ్ బీరువాలో ఉంటది బాబూ, ప్రింటే ఊళ్ళు తిరుగుద్ది" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఈఎక్స్ఆర్ నెగటివ్, జేపెగ్ ప్రింట్. ప్రింట్‌లో ఏది కనపడాలో మనిషే నిర్ణయించాలి.

8 బిట్‌లో 256 మెట్లే ఉన్నాయి, 1.0 పైన ఉన్నదంతా తెలుపే. అందుకని టోన్ మ్యాపింగ్, అంటే పెద్ద వెలుగుల్ని నొక్కి ఆ మెట్లలో ఇమిడ్చడం. ఫొటోషాప్‌లో 32 బిట్ నుంచి 8 బిట్‌కి మోడ్ మారిస్తే హెచ్‌డీఆర్ టోనింగ్ అని డబ్బా వస్తది, నాలుగు పద్ధతులు ఉంటాయి, మామూలుగా లోకల్ అడాప్టేషన్ ఎంచి ఉంటది. క్లయింట్‌కి ఇల్లు ఎలా ఉందో చూపించాలంటే దాన్ని తక్కువ బలంతో వాడొచ్చు, ఎక్కువ లాగితే గోడల చుట్టూ వెలుగు పొగలు వస్తాయి, అవి నాకు అస్సలు నచ్చవు. నేనైతే ఎక్స్‌పోజర్ అండ్ గామా పెట్టి, గామా 1.0 ఉంచి, ఎక్స్‌పోజర్ ఒక్కటే జరిపి చూస్తా మొదట, చాలాసార్లు అదే సరిపోద్ది. బ్లెండర్‌లో అయితే 4.0 నుంచి ఏజీఎక్స్ అనే వ్యూ ట్రాన్స్‌ఫామ్ మామూలుగా ఉంటది, ఎండ ఉన్న చోట్ల రంగు కాలిపోకుండా మెత్తగా తెలుపులోకి తీసుకెళ్తది. బ్లెండర్‌లో గమనించాల్సింది, పీఎన్‌జీగా సేవ్ చేస్తే ఆ లుక్ బొమ్మలో కలిసిపోద్ది, ఈఎక్స్ఆర్‌గా సేవ్ చేస్తే కలవదు, లీనియర్ అంకెలే పోతాయి. "స్క్రీన్ మీద బాగుంది, ఈఎక్స్ఆర్ తెరిస్తే వేరేగా ఉంది" అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే, ఫైల్ తప్పు కాదు.

ఇప్పుడు గామా సంగతి. మామూలు బూడిద రంగు కార్డు లీనియర్‌లో 0.18 ఉంటది. ఎస్ఆర్‌జీబీలోకి (మామూలు స్క్రీన్ గామా) మారిస్తే 0.46. పొరపాటున రెండోసారి కూడా అదే మార్పు పడితే 0.71 అవుద్ది, బొమ్మంతా సున్నం కొట్టినట్టు తెల్లబోతది. ఎదురుగా, ఇప్పటికే లీనియర్ అయిన ఫైల్‌ని సాఫ్ట్‌వేర్ ఎస్ఆర్‌జీబీ అనుకుని ఇంకోసారి లీనియర్ చేస్తే 0.18 కాస్తా 0.027 అవుద్ది, బొమ్మ మసి పూసినట్టు. 0.71, 0.027 ఈ రెండు అంకెలు గుర్తుంటే ఏ పొరపాటు ఎటు జరిగిందో వెంటనే పట్టేస్తారు. బ్లెండర్‌లో హెచ్‌డీఆర్‌ఐ (హెచ్‌డీఆర్ బొమ్మ) పెట్టేటప్పుడు కలర్ స్పేస్ లీనియర్ రెక్ 709 అని ఉందో లేదో చూసుకుంటే సగం గొడవ ఉండదు.

దీనికి తిరుగు ప్రయాణం లేదు. జేపెగ్‌ని ఈఎక్స్ఆర్‌గా సేవ్ చేస్తే పెద్ద డబ్బాలో చిన్న వస్తువు పెట్టినట్టే, సూర్యుడు 1.0 దగ్గరే ఉంటాడు. నిజం హెచ్‌డీఆర్ కావాలంటే మళ్ళీ వెళ్ళి తీయాలి, ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ, ఎఫ్ నంబర్, వైట్ బ్యాలెన్స్ అన్నీ లాక్ చేసి షట్టర్ ఒక్కటే మారుస్తూ. 1/4000 నుంచి రెండేసి స్టాప్‌లు పెంచుకుంటూ 1/1000, 1/250, 1/60, 1/15, 1/4, 1 సెకను, ఏడు ఫ్రేమ్‌లు, ఆ చివరికీ ఈ చివరికీ 12 స్టాప్‌ల తేడా. సూర్యుడు కావాలంటే ఎన్‌డీ ఫిల్టర్‌తో ఇంకో సెట్. రా (RAW) ఫైల్స్‌గానే తీయండి. ఇలా వేర్వేరు ఎక్స్‌పోజర్‌లని కలిపి అసలు వెలుగు లెక్క కట్టే పద్ధతిని పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో పేపర్‌గా ఇచ్చారు, ఇప్పటి మెర్జ్ టూల్స్ చాలావాటికి అదే పునాది. తీసే వీలు లేకపోతే పాలీ హేవన్ సైట్‌లో సీసీ జీరో లైసెన్స్‌తో హెచ్‌డీఆర్, ఈఎక్స్ఆర్ రెండూ ఉచితంగా దొరుకుతాయి, కమర్షియల్ పనికి కూడా వాడుకోవచ్చు.

ఫోన్ ఫొటోలు, కొత్త ఫార్మాట్లు

ఫోన్‌లో "హెచ్‌డీఆర్" అని వచ్చే ఫొటో వేరే జాతి. ఆండ్రాయిడ్ 14తో 2023లో అల్ట్రా హెచ్‌డీఆర్ వచ్చింది, పైకి అది మామూలు జేపెగ్, లోపల గెయిన్ మ్యాప్ అని ఇంకో చిన్న బొమ్మ దాగి ఉంటది, ఎక్కడ ఎన్ని రెట్లు వెలుగు పెంచాలో అది చెప్తది. ఐఫోన్ ఫొటోల్లో కూడా ఇలాంటి గెయిన్ మ్యాప్ ఉంటది. గెయిన్ మ్యాప్ తెలియని ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే అది ఊడిపోద్ది, చాట్ యాప్‌లో ఫొటోగా పంపితే కూడా ఊడిపోయే ప్రమాదం ఉంది, అందుకే డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా కేబుల్‌తో కాపీ చేసుకోండి. దీన్ని లీనియర్ ఫైల్‌గా మార్చాలంటే గూగుల్ వాళ్ళ లిబ్‌అల్ట్రాహెచ్‌డీఆర్ లాంటి, గెయిన్ మ్యాప్‌ని లెక్కలో కలిపే టూల్ కావాలి. అయినా దీంట్లో సూర్యుడు ఉంటాడని ఆశ పెట్టుకోవద్దు, ఇది స్క్రీన్ మీద అందంగా కనపడటానికి చేసింది, లైటింగ్‌కి కాదు.

ఈఎక్స్ఆర్‌ని హెచ్‌డీఆర్ టీవీలో, ఫోన్‌లో చూపించాలంటే ఏవిఫ్ అనే ఫొటో ఫార్మాట్‌లో 10 బిట్ పీక్యూలోకి (హెచ్‌డీఆర్ స్క్రీన్లకి గామా లాంటిది) మార్చొచ్చు. పీక్యూలో అంకెలకి నిట్స్‌తో నేరుగా లంకె ఉంటది, పైహద్దు 10000 నిట్స్. ఇక్కడ మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి, ఈఎక్స్ఆర్‌లో 1.0 అంటే ఎన్ని నిట్స్ అని. ఐటీయూ వాళ్ళ బీటీ 2408 నివేదిక ప్రకారం తెల్ల కాగితం 203 నిట్స్, నేనూ అదే వాడతా. అప్పుడు 49 దాటిన అంకెలన్నీ 10000 దగ్గర ఆగిపోతాయి, 1000 నిట్స్ ఇచ్చే స్క్రీన్‌లో అయితే 5 దాటినవి కూడా కనపడవు. కాబట్టి దీనికి ముందు కూడా కొంచెం టోన్ మ్యాపింగ్ తప్పదు. 8 బిట్‌లో పీక్యూ పెట్టొద్దు, ఆకాశంలో చారలు వస్తాయి. జేపెగ్ ఎక్స్‌ఎల్ ఫ్లోట్‌ని లాస్‌లెస్‌గా దాచగలదు, ఫార్మాట్ నాకు చాలా ఇష్టం, కానీ అవతలివాళ్ళ సాఫ్ట్‌వేర్ తెరుస్తదో లేదో అడిగి పంపండి.

ఫోల్డర్ మొత్తం ఒకేసారి

వంద ఫైల్స్ ఉంటే ఓఐఐఓటూల్‌నే చిన్న లూప్‌లో పెట్టండి, డేటా టైప్ హాఫ్, కంప్రెషన్ పిజ్ అని ఇస్తే చాలు, నాన్‌లు ఉంటే ఫిక్స్‌నాన్ ఆప్షన్‌లో బాక్స్3 ఇస్తే చుట్టుపక్కల పిక్సెల్స్ చూసి సరిచేస్తది. ఇమేజ్‌మ్యాజిక్ వాడేవాళ్ళు ముందు వెర్షన్ అడిగి ఫీచర్స్ లైన్‌లో హెచ్‌డీఆర్‌ఐ అని ఉందో లేదో చూడండి, వెర్షన్ 7లో అది మామూలుగానే ఉంటది, లినక్స్‌తో వచ్చే పాత 6లో ఉండకపోవచ్చు, లేకపోతే 1.0 పైన ఉన్నదంతా కోసేస్తది, ఎర్రర్ కూడా చూపించదు. పైథాన్‌లో ఓపెన్‌సీవీతో చేసేవాళ్ళకి రెండు సంగతులు: కొత్త వెర్షన్లలో ఈఎక్స్ఆర్ మామూలుగా ఆపేసి ఉంటది, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆన్ చేయాలి, చదివేటప్పుడు ఎనీడెప్త్ ఫ్లాగ్ ఇవ్వాలి, లేకపోతే 8 బిట్‌కి దించేస్తది. రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో వస్తాయి, వేరే లైబ్రరీకి ఇచ్చేటప్పుడు తిప్పుకోకపోతే మనుషుల మొహాలు నీలంగా వస్తాయి.

ఆన్‌లైన్ కన్వర్టర్ వాడక తప్పకపోతే ముందు ఒక చిన్న ఫైల్‌తో మూడు చుక్కల పరీక్ష చేసి, పాస్ అయితేనే మిగతావి వేయండి. క్లయింట్ ప్లేట్లు (వాళ్ళ షూట్ ఫైల్స్) అయితే అసలు వేయొద్దు, బయటి సర్వర్‌కి పంపడానికి మీకు హక్కు లేదు.

తమ్ముడు ఆ రోజు రాత్రే అసలు డాట్ హెచ్‌డీఆర్ మళ్ళీ తీసుకుని, మ్యాక్సిమమ్ 48000 అని చూసుకుని, హాఫ్ ఈఎక్స్ఆర్ పిజ్‌లో మార్చాడు, మూడు చుక్కలూ సరిపోయాయని స్క్రీన్‌షాట్ పంపాడు, తర్వాత రెండర్ పంపాడు, కారు కింద నీడ కత్తితో కోసినట్టు ఉంది. షూట్ వాళ్ళ అసలు ఫైల్‌ని రీడ్ ఓన్లీ చేసి రిచీ స్ట్రీట్‌లో కొన్న వేరే డిస్క్‌లో పెట్టమన్నా, పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్‌లో తీసిన చోటు, టైమ్, లెన్స్, ఎన్‌డీ, మూడు చుక్కల అంకెలు, ఎన్ని స్టాప్‌లు దించామో రాసి.